సోమశిల రేవున ఒక పూట

దక్షిణ అమెరికా ఖండపు కొసయందు, మెజెల్లాన్ జలసంధి తీరమున, పుంటా అరేనాస్ అను ఓడరేవు పట్టణమొకటి కలదు. అది చిలీ దేశమునకు చెందినది. భూమధ్యరేఖకు దక్షిణముగా 53 డిగ్రీల దూరమున, చలిగాలుల నడుమ ఉన్నది. 1914లో పనామా కాలువ తెరవక పూర్వము అట్లాంటిక్ సముద్రమునుండి పసిఫిక్ సముద్రమునకు పోవు ఆవిరియోడలలో పెక్కు ఆ దారినే పోయెడివి. బొగ్గు కొరకును, మంచినీటి కొరకును ఆ రేవున ఆగెడివి. కాలువ తెరచిన పిదప ఓడలకు దగ్గరదారి దొరకినది. రేవునకు పూర్వపు బలము తగ్గినది. నేడు అచ్చటికి విహారనౌకలు వచ్చుచున్నవి. యాత్రికులు ఒకపూట దిగి, వీధులు తిరిగి, సాయంకాలమునకు మరల ఓడనెక్కుదురు.

ఆ పట్టణపు నడిబజారున మెజెల్లాన్ స్మారకమొకటి ఉన్నది. దాని పీఠమున ఆ దేశపు ఆదిమవాసి కంచుబొమ్మ కూర్చుండియుండును. ఆ బొమ్మ కాలివ్రేలిని తాకినవాడు మరల ఒకమారు ఆ ఊరికి వచ్చునని ఒక నమ్మకము. అందుచేత దిగిన యాత్రికుడెల్ల ఆ వ్రేలిని తాకును. బొమ్మ అంతయు నల్లబడియుండగా వ్రేలుమాత్రము తళతళ మెరయును. అయితే ఆ బొమ్మ ఏ జాతివారిని తలపించుచున్నదో, ఆ జాతివారు గొఱ్ఱెల మేపుకొరకు వచ్చిన వలసవారి చేతులలోను, వారు తెచ్చిన వ్యాధులవలనను దాదాపు నశించిరి. వ్రేలిని తాకువారిలో ఈ సంగతి అడిగి తెలిసికొనువారు ఎందరో మేము చెప్పజాలము.

ఇంతదూరపు మాట మాకేల అని శ్రోతలకు తోచవచ్చును. మేము పుంటా అరేనాస్ గురించి చదివినవారమే గాని చూచినవారము కాము. కాని మన పాలమూరు సీమలో, సముద్రమునకు ఎంతో దూరమున, రాతినేలల నడుమ ఒక రేవున మేము ఒకపూట దిగితిమి. దిగినపుడు ఆ మెరయు కాలివ్రేలు మాకు జ్ఞాపకము వచ్చినది. అందువలన ఈ రెండు రేవులను కలిపి చెప్పుచున్నాము.

ఆ రేవు పేరు సోమశిల. పూర్వపు మహబూబునగరు జిల్లాలో, 2016లో ఏర్పడిన నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో, కొల్లాపురము మండలమున కృష్ణకు ఎడమగట్టున ఉన్న గ్రామమది. నెల్లూరు సీమలో పెన్నానదిమీద సోమశిల అను పేరుతో జలాశయమొకటి ఉన్నది. అది వేరు, ఇది వేరు. హైదరాబాదునుండి కొల్లాపురము సుమారు 180 కిలోమీటర్లు. కొల్లాపురమునుండి మామిడితోటల నడుమ కొంతదూరము పోయినచో త్రోవ ఒక్కమారుగా దిగుడుపట్టును. ఎదుట నీరు కనబడును. ఆ నీరు నదివలె కాక సముద్రపు పాయవలె వెడల్పుగా పరచుకొనియుండును. ఆవలిగట్టు ఆంధ్రప్రదేశపు సిద్ధేశ్వరము. ఈ గట్టునుండి ఆ గట్టున మనిషి ఆనవాలు పట్టుట కష్టము.

మేము మాత్రము భూమార్గమున పోలేదు. శ్రీశైలము దిక్కునుండి లాంచీలో, నదికి ఎదురుగా వచ్చితిమి. తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థవారు 2024లో సోమశిలకును శ్రీశైలమునకును నడుమ లాంచీ ప్రయాణము నడపిన పిదప ఈ జలమార్గము పేరు నలుగురి నోట పడినది. ఉదయము బయలుదేరిన లాంచీ కొండల సందున పోవుచుండెను. మా కుడివైపున అమ్రాబాదు పులుల అభయారణ్యము. ఎడమవైపున నాగార్జునసాగర్-శ్రీశైలము అభయారణ్యము. నల్లమల కొండలు కొన్నిచోట్ల నీటి అంచువరకు గోడలవలె దిగియున్నవి. యంత్రపు చప్పుడు కొండలకు తగిలి మరల వచ్చుచుండెను. పయనము సాగినకొలది కొండలు ఎడముగా జరిగినవి, నీరు విశాలమైనది. మధ్యాహ్నము దాటిన పిదప సోమశిల కనబడినది.

లాంచీవారు, "ఆరు గంటలకు బస్సు బయలుదేరును, అంతవరకు మీ ఇష్టము" అని చెప్పిరి. అనగా మాకు దొరకిన మజిలీ మూడు గంటలు. మాతో వచ్చినవారు సుమారు నలుబదిమంది. అందరును గట్టున నిలచి ఫోటోలు తీసికొనిరి. కొందరు గుడికి పోయిరి. అనేకులు చేపలు వేయించు పాకలచుట్టు మూగిరి. మేమును ముందుగా అదియే చేసితిమి. ఆకలి ఎవరినైనను మొదట అటే నడపును. బొచ్చె ముక్కలకు కారము, ఉప్పు పట్టించి, పెనముమీద కాల్చి, జొన్నరొట్టెతో పెట్టిరి. ఏడు గంటల నీటిగాలి తగిలినవానికి అంతకంటె మంచి భోజనము వేరొకటి అక్కఱలేదు.

భోజనమైన పిదప శబ్దగ్రహణ యంత్రము భుజమున వేసికొని రేవు అంచునకు నడచితిమి. పడవల చప్పుడు, నీటి అలికిడి, బట్టలుతుకు చప్పుడు మా కార్యక్రమమునకు కావలసియుండెను. అచ్చట ఒక వేపచెట్టు నీడన, తలగుడ్డ చుట్టుకొన్న ఒక వృద్ధుడు వల బాగుచేసికొనుచుండెను. మేము నమస్కరించి, "తాతా, ఈ రేవు ఎన్నాళ్లనుంచి ఉంది?" అని అడిగితిమి.

ఆయన తలయెత్తక, "ఏ రేవు సారూ? నీళ్లెక్కితె రేవు ఈడ. నీళ్లు దిగితె రేవు ఆడ. ఈ రేవుకు ఇల్లు లేదు," అనెను.

ఆ మాట చమత్కారముగా తోచినది. కాని అందులో నిజమంతయు ఉన్నది. సోమశిల ముంగిటనున్నది నదీప్రవాహము కాదు. అది శ్రీశైలము ఆనకట్ట నిలిపిన నీటి వెనుకభాగము. ఆనకట్టకు 1963 జూలై నెలలో పండిత నెహ్రూ శంకుస్థాపన చేసెను. నిండుజలాశయమున నీటిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగుల ఎత్తున ఉండును. ఆగస్టు మాసమున పైనుండి వరద వచ్చినపుడు నీరు ఆ మట్టమునకు ఎక్కును. విద్యుత్తునకును, కాలువలకును, ఎత్తిపోతలకును తీసికొనుచుండగా ఎండకాలమునకు 30, 40 అడుగులు, కొన్ని సంవత్సరములందు అంతకంటెను ఎక్కువ దిగిపోవును. గట్టు ఏటవాలుగా ఉన్నచోట నీరు ఒక్క అడుగు దిగినను అంచు ఎంతో దూరము వెనుకకు పోవును. నిన్న లాంచీ కట్టిన రాతికి నేడు పశువులు మేయుచుండును. నీరు విడిచిన ఒండ్రునేలలో రైతులు విత్తనము చల్లుదురు. లాంచీ తిరుగుట నీరు నిండుగా ఉన్న మాసములందే.

నీరు తీసివేసినపుడు బయటపడువానిలో ఒండ్రొక్కటే కాదు. సోమశిలకు ఆవలివైపున, సప్తనదీసంగమమని పేరుపొందిన చోట, సంగమేశ్వరాలయము కలదు. ఏడాదిలో ఎక్కువకాలము అది నీటిలోనే ఉండును. ఎండకాలమున నీరు బాగుగా తగ్గినపుడు ముందుగా గోపురపు కొస, తరువాత గోడలు, చివరకు వేపమాను లింగము వెలికివచ్చును. అప్పుడు పూజారియు, భక్తులును పోయి పూజలు చేయుదురు. మరల ఆగస్టు నీరు వచ్చునప్పటికి దేవుని నీటికి అప్పగించి వెనుకకు వత్తురు. ఇట్టి దేవాలయము దర్శించుటకు పంచాంగము చాలదు; జలాశయపు మట్టము కూడ చూచుకొనవలెను.

సోమశిలలోని లలితా సోమేశ్వరస్వామి ఆలయము మాత్రము నీటిపాలు కాలేదు. అది పూర్వము నది ఒడ్డున పల్లమునందుండెను. జలాశయము వచ్చుచున్నదని తెలిసిన పిదప, రాళ్లకు అంకెలు వేసి, ఒక్కొక్కరాతిని విప్పి, ఎత్తైన నేలకు తెచ్చి, అదే వరుసలో మరల నిలిపిరి. ద్వాదశ జ్యోతిర్లింగములకు ప్రతిరూపములుగా అచ్చట చిన్న చిన్న గుడులు వరుసగా ఉన్నవి. అదే విధముగా జటప్రోలునందలి మదనగోపాలస్వామి ఆలయమును, అగస్త్యేశ్వరాలయమును తరలించిరి. కృష్ణాతుంగభద్రల కూడలియైన కూడవెల్లినుండి చాళుక్యులనాటి సంగమేశ్వరాలయమును అలంపురమునకు తెచ్చి నిలిపిరి. రాతిని తరలించు ఈ విద్యయందు మన పురావస్తుశాఖవారు చూపిన ఓర్పు మెచ్చదగినది. ఒక గుడిని విప్పి కట్టుటకు సంవత్సరముల పని పట్టును. ఒక రాయి తారుమారైనను శిఖరము నిలువదు.

జటప్రోలు, కొల్లాపురము అనగానే సాహిత్యాభిమానులకు సురభివారి సంస్థానము జ్ఞాపకము రాకతప్పదు. చంద్రికా పరిణయము రచించిన సురభి మాధవరాయలు ఆ వంశమువాడే. కొల్లాపురమున ఆ సంస్థానాధీశుల కోట నేటికిని ఉన్నది. మూడుగంటల యాత్రికుడు ఇవన్నియు చూడలేడు. లాంచీ దిగిన గట్టున నిలచి, "చూడవలసినది ఇంతే" అనుకొని పోవుటయే జరుగుచున్నది.

మేము ఈ సంగతులు కొన్ని ఆ వృద్ధునితో ప్రస్తావించి, గుడిని ఎంత జాగ్రత్తగా తరలించిరో చెప్పబోయితిమి. ఆయన వల ప్రక్కన పెట్టి మమ్ము మొదటిసారి నిదానముగా చూచెను.

"మీరు లాంచీల వచ్చిండ్రు గద?"

"అవును తాతా."

"అయితె మా ఊరి మీదికెళ్లే వచ్చిండ్రు."

మాకు వెంటనే బోధపడలేదు. ఆయన చేయి చాపి నీటినడుమ ఒక దిక్కు చూపెను. అచ్చట నీరు తప్ప ఏమియు లేదు. ఒక పుట్టి నెమ్మదిగా తిరుగుచుండెను. "ఆ పుట్టి ఉన్నకాడ మా మర్రిచెట్టు. దానికి ఇవతల బొడ్రాయి. బొడ్రాయికెళ్లి మూడో ఇల్లు మాది," అనెను. అటుపిమ్మట తమ వీధిలోని ఇండ్లను ఒక కొసనుండి వరుసగా చెప్పసాగెను. ఎవరి ఇంటిముందు బావి, ఎవరి గోడకు ఆనుకొని కమ్మరికొలిమి, ఎవరి దొడ్డిలో చింతచెట్టు, అన్నియు చెప్పెను. మా యంత్రము తిరుగుచునేయుండెను. నడుమ మేము ప్రశ్న వేయలేదు. వేసినచో వరుస తప్పునేమోయని భయపడితిమి.

శ్రీశైలము జలాశయమున మునిగిన భూమి లక్ష ఎకరములకు పైమాటే. కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో కలిపి సుమారు నూరు గ్రామములవారు ఇండ్లు విడిచిరి. 1981లో, నీరు నిలుపు గడువు దగ్గరపడినపుడు, విడువని గ్రామములను బలవంతముగా ఖాళీచేయించిరి, ఇండ్లు కూలద్రోసిరి. పరిహారము చాలదన్నవారును, చేతికందిన సొమ్ముతో మరియొక చోట ఎకరము కొనలేకపోయినవారును వేలకొలదిగా ఉండిరి. 1986లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 98వ నంబరు ఉత్తర్వు వెలువరించి, ముంపునకు గురియైన కుటుంబములలో ఒకరికి ఉద్యోగమునకు అవకాశము కల్పించెను. ఆ ఉత్తర్వు ఆధారముగా ఉద్యోగములు పొందినవారు కలరు. ఎదురుచూచుచు నడివయస్సు దాటినవారును కలరు. ఆ వృద్ధుని కుమారుడు రెండవ తరగతికి చెందినవాడట. "కాయితం పెట్టెల ఉన్నది. వాని తలనే తెల్లవడ్డది," అని ఆయన నవ్వెను. ఆ నవ్వు మా యంత్రమున పడియున్నది. దానిని వర్ణించుట మాకు చేతకాదు.

గుడిరాళ్లకు అంకెలు వేసిన ఓర్పు ఊరిమనుష్యుల విషయమున లేకపోయినదని మేము అనినచో, గుడిని తరలించుట తప్పని అర్థము కాదు. ఆ పని జరుగకపోయినచో మనము ఆ శిల్పసంపదను కూడ పోగొట్టుకొనియుందుము. రాళ్లను విడదీసి ఏది ఎచ్చట ఉండెనో అచ్చటనే పెట్టిరి. మనుష్యులను విడదీసినవారు ఎవరు ఎవరి ప్రక్కన ఉండిరో చూడలేదు. ఒక వీధివారు నాలుగు ఊళ్ల పాలైరి. కమ్మరి ఒకచోట, కాపు ఒకచోట. కొడవలి సాగగొట్టించుకొనుటకు ఎక్కడికి పోవలెనో తెలియని ఊళ్లు ఏర్పడినవి. ఊరు అనగా ఇండ్లు కావు, ఇండ్ల వరుస అని ఆ వృద్ధుని మాటలవలన మాకు తెలిసినది.

ఇట్లు చెప్పుచు ఆనకట్టలు అవసరము లేవని మేము వాదించుట లేదు. శ్రీశైలము తొలుత జలవిద్యుత్తు కొరకే తలపెట్టిన పథకము. కుడిగట్టు విద్యుత్కేంద్రమునకు 770 మెగావాట్లు, ఎడమగట్టు భూగర్భ కేంద్రమునకు 900 మెగావాట్లు ఉత్పత్తిశక్తి కలదు. మన ఇంట రేడియోలు మ్రోగుటలో ఆ నీటి పాలు లేదని ఎవరనగలరు? కాని ఒక చేదు నిజమును మరువరాదు. నీరు ముంగిట నిలచిన తరువాత కూడ చాలకాలము పాలమూరు పొలములకు ఆ నీరు ఎక్కలేదు. నీరు పల్లమున, పొలము మెరకన. ఈ సీమనుండి మేస్త్రీల వెంట కూలికి పోయినవారు దేశమున ఎన్నియో ఆనకట్టలకు రాయి మోసిరి, మట్టి మోసిరి. "పాలమూరు కూలీ" అను మాట ఊరికే పుట్టలేదు. కొల్లాపురము దగ్గరి ఎల్లూరునుండి నీటిని మెట్టుమెట్టుగా పైకి తోడు కల్వకుర్తి ఎత్తిపోతల పథకము వచ్చిన పిదపనే ఈ జలాశయపు నీరు ఆ మెరకపొలములను తాకినది. సోమశిల దారిలో ఇటీవల పచ్చదనము కనబడుచున్నదన్న, అందు ఆ యంత్రముల శ్రమ కలదు.

జలాశయము కూడ చిరంజీవి కాదు. కట్టిననాడు శ్రీశైలమున 308 టీఎంసీల నీరు పట్టునని లెక్కించిరి. ఒక టీఎంసీ అనగా శతకోటి ఘనపుటడుగులు. కాలక్రమమున వరద తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకొనుటచేత, తరువాతి లెక్కలలో అది సుమారు 215 టీఎంసీలకు దిగినది. ఆ వృద్ధుని మర్రిచెట్టు, బొడ్రాయి ఇప్పుడు నీటిక్రింద మాత్రమే కాదు, మంటిక్రింద కూడ ఉన్నవన్నమాట.

రేవు అనునది అవసరము పుట్టించినది. ముంపువలన సోమశిలకును, ఆవలిగట్టునకును నడుమ నది వెడల్పైనది. బంధువులు ఇరుగట్టుల ఉన్నారు. పెండ్లిండ్లు, జాతరలు, సంతలు ఇరుగట్టుల ఉన్నవి. రోడ్డుమీద చుట్టిపోయినచో ఎంతో దూరము. పడవలో దాటినచో గంటలోపు పని. కాబట్టి జనము పడవ ఎక్కుదురు. 2007 జనవరిలో, సింగోటము లక్ష్మీనరసింహస్వామి జాతర దినములందు, మంచాలకట్ట సమీపమున జనముతో క్రిక్కిరిసిన పడవ మునిగి పదులకొలది ప్రాణములు పోయినవి. వారు విహారమునకు వచ్చినవారు కారు. జాతర చూచుకొని ఇంటికి మరలుచున్నవారు. విహారయాత్రికునికి నేడు తొడుగు రక్షణకవచము ఇచ్చుచున్నారు. మాకును ఇచ్చిరి. ఉక్కగా ఉన్నదని మాలో కొందరు నడుమనే విప్పి ప్రక్కన పెట్టిరి. 2007 సంగతి గట్టున విన్న తరువాత మేము ఆ పని చేసినందుకు సిగ్గుపడితిమి.

నాటినుండి వంతెన కావలెనను కోరిక బలపడినది. 2022లో కేంద్రప్రభుత్వము సోమశిల, సిద్ధేశ్వరములను కలుపు తీగెల వంతెనకు ఆమోదము తెలిపినది. అది తెలంగాణమునుండి నంద్యాల, తిరుపతి దిక్కునకు దగ్గరదారి. జాతరకు పోవువానికి, ఆసుపత్రికి పోవువానికి ఈ వంతెన ప్రాణదానము. దీనిని వద్దనువాడు ఆ గట్టున మాకు ఒక్కడును కనబడలేదు.

అయితే పుంటా అరేనాస్ కథ ఇచ్చట మరల జ్ఞాపకము వచ్చుచున్నది. దగ్గరదారి తెరచుకొన్ననాడు రేవునకు నిత్యావసరము తీరిపోవును. దాటవలసినవాడు వంతెనమీద పోవును. రేవున దిగువాడు విహారి ఒక్కడే మిగులును. పడవలు నడపి బ్రతుకువారి బ్రతుకు అప్పుడు ఆ విహారి దయమీద ఆధారపడును. అందుచేతనే లాంచీ దిగు యాత్రికుడు ఆ మూడుగంటలు ఎట్లు గడపునన్నది చిన్న సంగతి కాదు. పట్టణమునుండి అన్నము, నీరు, చిరుతిండ్లు మూటకట్టి తెచ్చుకొని, గట్టున తిని, సీసాలు నీటిలో విసరి పోవువానివలన ఆ ఊరికి దక్కునది చెత్త ఒక్కటే. పుట్టిలో ఒక చుట్టు తిరిగి, పాకలో భోజనముచేసి, ఒక ఆటో మాట్లాడుకొని జటప్రోలు గుడి చూచివచ్చువానివలన నాలుగు ఇండ్ల పొయ్యి వెలుగును.

చేపల సంగతియు చెప్పవలెను. మేము తిన్న బొచ్చె రుచి మెచ్చుకొని, అమ్మిన ఇల్లాలితో, "అమ్మా, ఇంత చేప రోజూ పడుతుందా?" అని అడిగితిమి. ఆమె పెదవి విరిచి, "యాడ పడుతది సారూ! పిల్లచేపను గుడ ఇడ్సిపెడ్తలేరు," అనెను. కృష్ణ వెనుకజలములలో స్థానికులు మాత్రమే కాక, కోస్తా తీరమునుండి వచ్చినవారు కూడ గుడిసెలు వేసికొని వేటాడుచున్నారు. వారును పొట్టకొరకు వచ్చినవారే. చిక్కు ఎచ్చట వచ్చినదన, దోమతెరవంటి సన్నకన్నుల అలివి వలలతో పిల్లచేపలను సైతము ఊడ్చి, ఎండబెట్టి అమ్ముటలో. అట్టి వలలు నిషిద్ధములు. అయినను అప్పుడప్పుడు వానిని పట్టి కాల్చుచున్నారన్న వార్తలు వచ్చుచున్నవనగా, వల ఇంకను నీటిలో ఉన్నదనియే అర్థము. చిన్నచేప కరకరలాడునని మురియుచు తిను యాత్రికుడును ఆ వలకు ఒక కొస పట్టినవాడే. పెద్దచేపనే అడుగుట మనచేతిలోని పని.

మేము లేచుసరికి ఐదున్నర దాటినది. గట్టున బస్సు కూత వేయుచుండెను. మా తోటివారు ఒక్కొక్కరే వచ్చి కూర్చుండిరి. ఒక చిన్నపిల్ల తల్లితో, "మనం ఇవాళ ఏం చూశాం?" అని అడుగుచుండెను. "నీళ్లు చూశాం, కొండలు చూశాం, చేప తిన్నాం," అని తల్లి చెప్పెను. ఆమె చెప్పినదానిలో అబద్ధమేమియు లేదు. మా యంత్రములోని వృద్ధుని మాట వినియుండకపోయినచో మేమును అదియే చెప్పియుందుము.

సెలవు తీసికొనుటకు మేము ఆ వేపచెట్టు కడకు మరల పోయితిమి. ఆయన వల మడచుచుండెను. "తాతా, మీరు చెప్పినది రేడియోలో వేయవచ్చునా?" అని అడిగితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, "ఏసుకోండ్రి. గని ఓ మాట మర్చిపోయిన. మా ఇంటికి ఎనకదిక్కు సాకలోళ్ల ఇల్లు. ఆళ్లను చెప్పలే. ఆళ్లు ఇంటె ఏమనుకుంటరు?" అనెను. మరల యంత్రమును తిప్పితిమి. ఆ ఇంటివారి పేర్లు చెప్పి, వారు ఇప్పుడు ఏ ఊరిలో ఉన్నారో తనకు తెలియదని చెప్పెను. బస్సు రెండవమారు కూత వేసినది.

శ్రోతలలో ఈ వానకాలము పిదప కృష్ణమీద లాంచీ ఎక్కదలచినవారు పెక్కురుండవచ్చును. తప్పక పొండు. నల్లమల కొండల నడుమ ఆ ఏడుగంటల ప్రయాణము మన దేశమున చూడదగినవానిలో ఒకటి. రక్షణకవచము విప్పకుడు, సీసాలు నీటిలో వేయకుడు, వీలైనచో మూడుగంటలకు బదులు ఒకరాత్రి కొల్లాపురమున నిలువుడు. లాంచీ నడుపువానిని, గట్టున టీ పోయువానిని, వల కుట్టువానిని ఒక్క ప్రశ్న అడుగుడు: "మనము వచ్చిన దారిలో ఏ ఊళ్లు ఉండెను?" అడిగినచో చెప్పువారు నేడు ఉన్నారు. 1981లో ఇరువదియేండ్ల వానికి ఇప్పుడు అరువది దాటినది. ఇంకొక ఇరువదియేండ్లకు ఆ ప్రశ్నకు బదులు చెప్పువారు ఉండరు. అప్పుడు లాంచీ వట్టి నీటిమీదనే పోవును.

ఆ వృద్ధుని వీధి మా గ్రంథాలయమున భద్రముగా ఉన్నది. మొత్తము పదునెనిమిది ఇండ్లు. చాకలివారి ఇంటితో పందొమ్మిది.